పాలకమండలిలో కుర్చీ ఎవరిది?

విశాఖలో ఓడరేవుంది, ఉక్కు కర్మాగారముంది, విశ్వవిద్యాలయముంది. ఈ మూడింట్లో చెమటోడ్చేవాళ్ళు "పాలకమండలిలో మా మనిషెవరు?" అని అడిగితే ఒకే జవాబు రాదు. 1963 నాటి మేజర్ పోర్టు ట్రస్టుల చట్టం ట్రస్టీల బోర్డులో కార్మికుల తరఫున కనీసం ఇద్దరుండాలంది. దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం కూడా ఉద్యోగుల తరఫున ఇద్దరికి చోటిచ్చింది. వాళ్ళని నియమించేది కేంద్ర ప్రభుత్వమే, నిజమే. అయినా కుర్చీ చట్టంలో ఉంది. ఉక్కు కర్మాగారంలో గుర్తింపు సంఘాన్ని కార్మికులు రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటూ వచ్చారు. విశ్వవిద్యాలయంలో గది ఊడ్చేవాళ్ళకి ఆ కుర్చీ లేదు. ఎందుకు లేదో చూద్దాం.

డిగ్రీ ఉన్నోళ్ళ ఓటు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. మొదటి చట్టం సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిళ్ళను ఏర్పాటు చేసింది. పేరు నమోదు చేసుకున్న పట్టభద్రులు సెనేటుకి సభ్యుల్ని ఎన్నుకునేవాళ్ళు. చూడటానికి ఇది ప్రజాస్వామ్యమే. కానీ ఆ రోజుల్లో డిగ్రీ ఉన్న మాల మాదిగలు ఎంతమంది? బడి గడపే దాటనివ్వని సమాజంలో డిగ్రీ మీద ఓటు పెడితే ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా?

1927లోనే అంబేద్కర్ ఈ సంగతి పట్టుకున్నాడు. బొంబాయి విశ్వవిద్యాలయ చట్ట సవరణ బిల్లు మీద శాసనమండలిలో మాట్లాడుతూ సెనేటులో వెనుకబడిన వర్గాలకు ప్రాతినిధ్యం కావాలని వాదించాడు. ఎన్నిక పెట్టినంత మాత్రాన ప్రాతినిధ్యం రాదు. ఓటరు జాబితా ఎవరితో నింపారన్నది అసలు ప్రశ్న.

ఎన్నిక పోయి నామినేషన్

1986లో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టం తెచ్చి విశ్వవిద్యాలయాల అధికారాల్ని తన చేతిలోకి తీసుకోబోయింది. ఉస్మానియా అధ్యాపకుల సంఘం సుప్రీంకోర్టుకెక్కి 1987లో దాన్ని కొట్టేయించింది. అధ్యాపకులకి సంఘముంది, గొంతుంది. 1991 విశ్వవిద్యాలయాల చట్టంతో సిండికేట్ పోయి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వచ్చింది. అందులో ప్రొఫెసర్లకీ, అధ్యాపకులకీ చోటుంది గానీ వాళ్ళని నామినేట్ చేసేది ప్రభుత్వం. బోధనేతర ఉద్యోగులకి ప్రత్యేకంగా కుర్చీ లేదు.

'సిబ్బంది' అంటే ఎవరు?

1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బస్సు డ్రైవర్ల కేసొచ్చింది. విశ్వవిద్యాలయం పరిశ్రమ కాదు, కాబట్టి వాళ్ళకి పారిశ్రామిక చట్టం వర్తించదని సుప్రీంకోర్టు అంది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా కేసులో ఆ తీర్పు తిరగబడింది. విద్యాసంస్థ కూడా పరిశ్రమేనని కోర్టు ఒప్పుకుంది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగముండాలనే 43ఎ అధికరణం అప్పటికే, 1976లో, రాజ్యాంగంలోకి వచ్చింది. రెండూ కలిపి చదివితే అటెండరుకీ, మెస్ వంటమనిషికీ పాలనలో భాగం అడిగే దారి కనిపిస్తుంది. ఆ దారిన మన చట్టం నడవలేదు. కేరళ విశ్వవిద్యాలయ చట్టం మాత్రం 1974లోనే సెనేటులో బోధనేతర ఉద్యోగులకి చోటిచ్చింది.

"చదువు సంగతులు ఊడ్చేవాళ్ళకేం తెలుసు?" అంటారు కొందరు. 1973లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా బోధన, పరిశోధన విషయాల్లో ప్రొఫెసర్ల మాటే బలంగా ఉండాలంది. సరే, సిలబస్ జోలికి పోవద్దు. సిలబస్ చూసుకోడానికి అకడమిక్ సెనేట్ ఉంది. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ చూసేది డబ్బు, ఆస్తులు, నియామకాలు. హాస్టల్ ఊడ్చే పని కాంట్రాక్టరుకి పోవాలా వద్దా అన్న దానిలో ఆ పని చేసే మనిషి కంటే తెలిసినవాళ్ళెవరు?

ఇక్కడే జాగ్రత్తపడాలి. పారిశుద్ధ్యం, కాపలా పనులు అవుట్‌సోర్సింగుకి పోయేకొద్దీ ఆ పనుల్లో ఉన్న దళితుల పేర్లు విశ్వవిద్యాలయం రిజిస్టరులో కాక కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటాయి. రేపు బోధనేతర సిబ్బందికి ఒక కుర్చీ వచ్చినా, పర్మనెంటు వాళ్ళకే ఓటంటే 1926 నాటి కథే మళ్ళీ. అప్పుడు డిగ్రీ అడ్డం, ఇప్పుడు నియామక పత్రం అడ్డం.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. కౌన్సిల్లో బోధనేతర సిబ్బంది ఎన్నుకునే కుర్చీ ఉండాలి. ఆ ఎన్నికలో అవుట్‌సోర్సింగ్ కార్మికులకీ ఓటుండాలి. ఆ కుర్చీ వంతులవారీగా దళితులకు, అందులో దళిత స్త్రీలకు రిజర్వు కావాలి. ఈ మూడూ కలిసే రావాలి. మొదటిది ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.