రంధ్రమున కొక శాస్త్రము

హనుమకొండలోని వేయిస్తంభముల గుడికి పోయినవారు అచటి నల్లరాతి కంబములను చేతితో తడవి చూడక మరలిరారు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆలయ మది. కంబములచుట్టును ఉంగరములవలె తిరిగియున్న గాడులను జూచినపుడు తరిమెనపై పట్టిన కొయ్యబొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఆ గుడి చరిత్ర చెప్పువారు పెక్కుమంది కలరు. అంతటి కఠినమైన రాతిని అంచు పెచ్చులూడకుండ, నెఱ్ఱె విడువకుండ, ఎట్లు కోసిరి, ఎట్లు తొలిచిరి అని యడుగువారు మాత్రము అరుదు. వస్తునిర్మాణశాస్త్రము పుట్టినది ఈ ప్రశ్ననుండియే. దీనినే జీవితకాలము పట్టుకొనియుండిన ఒక తెలుగు ఆచార్యుని కృషిని గూర్చి మేము నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఆ గుడికి కొలది మైళ్ల దూరమున, కాజీపేట ప్రక్కన, ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959 అక్టోబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. తొలినాళ్లలో ఆ కళాశాల విద్యార్థులకు పట్టములిచ్చినది ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఆ విశ్వవిద్యాలయ పట్టముతోనే యంత్రశాస్త్రమున తొలి మెట్టెక్కి, పిదప ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివి, అమెరికా పడమటి తీరమునందలి సియాటిల్ నగరమునకు పోయి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పరిశోధకులైనవారు ఆచార్య మామిడాల రాములు. 1982లో అచట డాక్టరేటు పొంది, అచటనే అధ్యాపకులై, బోయింగ్–పెన్నెల్ పేరిట నెలకొల్పబడిన ఆచార్యపీఠమును అధిష్ఠించిరి. సియాటిల్ విమాననిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కిన నగరము. బోయింగ్ కంపెనీ పుట్టినది అచటనే.

రాములుగారు మొదట చేపట్టినది కోత కాదు, పగులు. అద్దముపై రాయి పడినపుడు పగులు తిన్నగా పోదు. కొంత దూరము పోయి వంగును, చెట్టుకొమ్మవలె రెండుగా చీలును, చీలినది మరల చీలును. ఎందుచేత? ఆచార్య ఆల్బర్ట్ కోబయాషితో గూడి వారు విచారించిన ప్రశ్న యిది. పెళుసు పదార్థములో పగులు సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగమున పరుగిడును గనుక కంటితో చూచుటకు వీలులేదు. కావున పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను లాగిపట్టి, దానిగుండ ప్రత్యేకముగా వడగట్టిన కాంతిని పంపి, అతివేగముగా ఛాయాచిత్రములు తీయుదురు. పలకలో బలము ఎక్కువగా పనిచేయుచున్నచోట చారలు దట్టముగా ఏర్పడును. ఆ చారలను లెక్కించి, పగులు మొనకు కొంచెము ముందుగా నున్న బలముల తీరును బట్టి, అది ఎపుడు వంగునో, ఎపుడు చీలునో చెప్పవచ్చునని గురుశిష్యులు నిరూపింప యత్నించిరి.

ఈ విద్య మానవప్రాణములతో ముడిపడియున్నది. 1954లో జనవరియందొకటి, ఏప్రిల్‌యందొకటి, రెండు కామెట్ జెట్ విమానములు ఆకాశమున విచ్ఛిన్నమై, రెంటిలోను గలిసి 56 మంది మరణించిరి. ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు అట్టి విమానపు గుల్లను ఒక పెద్ద నీటితొట్టిలో నుంచి, లోపలి ఒత్తిడిని వేలమార్లు పెంచుచు దించుచు పరీక్షించిరి. కిటికీలకును ఇతర అవసరములకును రేకున కోసిన సందుల అంచులనుండి, రివెట్ల రంధ్రములనుండి పగుళ్లు బయలుదేరుచున్నట్లు తేలినది. లోహము మాటిమాటికి బలమునకు లోనై అలసిపోవును. ఆ అలసట మొదట బయటపడునది కోసినచోట, తొలిచినచోట. రేకు ఎంత గట్టిదైనను, దానికి రంధ్రము చేసిన తీరు చెడినచో ఆ గట్టిదనము కొఱగాకుండ పోవును.

పగులును చదివిన వారికి కోతయనిన వేరు విషయము కాదు. ఉలి మొన పదార్థమున దిగుట యనగా, మనము కోరినచోటనే విరుగునట్లు దానిని నడుపుట. రాములుగారి జీవితమున ఆ రెండు విద్యలును ఒకటైనవి. అందుకు వారికి లభించిన పదార్థము కర్బనపు పోగుల పలక.

దీనిని బోధపరచుకొనుటకు వరంగల్లు కొత్తవాడలో నేయు జంపఖానాను తలచుకొనుడు. పోగు వెంబడి లాగినచో అది ఎంతటి బలమునకైనను తాళును. కత్తెరతో నడుమ కత్తిరించినచో అంచు పీచులుగా విడిపోవును. కర్బనపు పోగు తలవెండ్రుకలో పదియవవంతు సన్నము. అట్టి పోగులను ప్రక్కప్రక్కన పరచి, రెసిన్ అను జిగురుతో అంటించి, పొరపై పొర పేర్చి, వేడిమిలో బిగించినచో ఇనుముకంటె మిక్కిలి తేలికయు, మహా దృఢమును అగు పలక తయారగును. 2009 డిసెంబరు 15న సియాటిల్ సమీపమున తొలిసారి గాలిలోనికి లేచిన బోయింగ్ 787 విమానపు బరువులో ఇంచుమించు సగము ఇట్టి పలకలే.

అయితే విమానమును బిగించుటకు రంధ్రములు చేయవలెను గదా! బర్మా మొన లోనికి దిగునపుడు పైపొరను మీదికి లేవనెత్తును. వెలుపలికి వచ్చునపుడు అడుగుపొరను ముందుకు త్రోసి చీల్చును. పొరలు లోలోపల విడిపోయినచో పైకి ఏమియు కనబడకపోవచ్చును. రాములుగారు, వారి శిష్యులు పోగుల వాలును మార్చి మార్చి పలకలను కోసి చూచిరి. వడ్రంగి చిత్రిక పట్టునపుడు కొయ్య పీచువాలు ననుసరించినచో నునుపు వచ్చును, ఎదురుగా పట్టినచో చెక్క లేచును. ఇచటను అంతే. పోగు వాలును బట్టి పొట్టు రాలు విధము, అంచు నునుపు, పలకలోనికి దిగిన గాయపు లోతు మారుచుండును. ఈ సంబంధమును వారు కొలతలతో తెలిపిరి.

బర్మాకును రంపమునకును బదులుగా నీటితో కోయు పద్ధతినిగూడ వారు పరిశీలించిరి. నీటిని వాతావరణపు ఒత్తిడికి మూడు నాలుగు వేల రెట్ల ఒత్తిడితో సన్నని బెజ్జముగుండ పంపి, అందు గార్నెట్ రాతి ఇసుకను కలుపుదురు. ఆ ధార ధ్వనికంటె వేగముగా పోయి పలకను కోయును. ఇందు వేడిమి అతి స్వల్పము గనుక జిగురు మాడదు. కాని ధార వేగము తగినంత లేనిచో అంచు అడుగుభాగమున గాడులుపడును. ఇంకొక చిక్కు, కర్బనపు పలకను టైటానియము లోహపు రేకుతో జతపరచి రెంటిని ఒకే రంధ్రమున బిగించుట. టైటానియమును తొలుచునపుడు పుట్టు వేడిమి వేగముగా చెదరిపోదు. అది బర్మామొనను అరుగదీసి, ప్రక్కనున్న జిగురును మెత్తబరచును. వాడిగల లోహపు రజను పైకి వచ్చుచు రంధ్రపు గోడను గీచును. ఒకే పనిముట్టు, రెండు స్వభావములు. వేగ మెంత, ఒత్తు డెంత, ఎన్ని రంధ్రములకు మొన మార్చవలెను? ఇవి చూచుటకు చిన్న ప్రశ్నలు. ఒక పెద్ద విమానమున రంధ్రములు లక్షలకొలది యుండును గనుక, వాని జవాబులు లక్షలమార్లు అక్కరకు వచ్చును.

మన యిండ్లలో ఇంజనీరింగు చదువు బాలునకు గణితమున మంచి మార్కులు వచ్చినచో సంతసింతుము. కార్ఖానాలో చేతికి మసి యంటించుకొని వచ్చినచో అది తప్పనిసరి తంతు అనుకొందుము. ఇట్టి ఆచార్యుల జీవితము చూచినచో ఆ భేదము నిలువదు. అచ్చమైన గణితమును, మసియంటిన చేతిని కలిపి ఉంచినవారికే రంధ్రముయొక్క రహస్యము తెలియవచ్చినది.

మీ యింటి తలుపునకు గొళ్లెము బిగించుటకు వడ్రంగి వచ్చినపుడు, బర్మా పెట్టుటకు ముందు చెక్క అడుగున మరియొక ముక్క నుంచుట మీరు చూచియుందురు. అది ఎందుకని మీ పిల్లలచేత ఆతని నడిగింపుడు. అడుగుపొర చీలకుండుటకని ఆతడు చెప్పును. విమానపు పలకలు తొలుచు శాలలలోను అదే కారణమున ఆ ఉపాయమునే వాడుదురు.