పాత కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: మారేది స్విచ్ మాత్రమే

విద్యుదయస్కాంత ప్రేరణ గురించి మీరు ఇంతకు ముందే చదివారు. ఒక తీగచుట్టలో అయస్కాంత అభివాహం ఎంత వేగంగా మారితే అందులో అంత ఎక్కువ విద్యుచ్ఛాలక బలం ప్రేరితమవుతుందన్న ఫారడే నియమం గుర్తుండే ఉంటుంది. ఆ నియమం సెకనుకు వందసార్లు పనిచేసే చోటు ఒకటి ఇప్పుడు పరిశీలిద్దాం. అది పాత పెట్రోలు కారు బానెట్ కింద ఉంటుంది.

ఉదాహరణకు అంబాసిడర్‌ను తీసుకుందాం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా రూపొంది, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన కారు ఇది. మీలో కొందరి ఇళ్లలో తాతగారి బండి ఇంకా షెడ్డులో ఉండి ఉండవచ్చు. ఈ పాఠం చదివాక ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.

1. నిప్పురవ్వ ఎప్పుడు పుడుతుంది?

ప్లగ్గు కొనల మధ్య ఖాళీని దాటి రవ్వ రావాలంటే వేల వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నవి 12 మాత్రమే. ఈ తేడాను పూడ్చేది ఇగ్నిషన్ కాయిల్. ఇనుప కోర్ మీద లావు తీగతో కొన్ని వందల చుట్లు ఉంటాయి. ఇది ప్రాథమిక తీగచుట్ట. సన్న తీగతో వేల చుట్లు ఉన్నది గౌణ తీగచుట్ట. తాళంచెవి తిప్పితే బ్యాటరీ కరెంటు ప్రాథమిక తీగచుట్ట గుండా, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గుండా వలయాన్ని పూర్తిచేస్తుంది. పాయింట్లంటే రెండు చిన్న టంగ్‌స్టన్ బిళ్లలు. మధ్యలో తిరిగే కామ్ ఎత్తు తగిలినప్పుడు అవి విడిపోతాయి.

విడిపోయిన క్షణంలో కరెంటు ఆగుతుంది, అభివాహం ఒక్కసారిగా కూలిపోతుంది. ప్రాథమికంలోనే సుమారు 300 వోల్టులు ప్రేరితమవుతాయి. చుట్ల నిష్పత్తి 1:70 అనుకుంటే గౌణంలో 21,000 వోల్టులు. అంటే రవ్వ పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. పరీక్షల్లో ఏటా చాలామంది తిరగేసి రాసేది ఇదే.

ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. ఆయన 1909లో స్థాపించిన సంస్థ పేరుకు పొట్టి రూపమే డెల్కో. పాత మెకానిక్కులు కొందరు డిస్ట్రిబ్యూటర్‌నే డెల్కో అంటారు. ఎక్కడి ఒహైయో, ఎక్కడి మన షెడ్డు!

2. పాయింట్లకు వచ్చే కష్టం

నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. ప్రతి రెండు చుట్లకు నాలుగు రవ్వలు కావాలి. అంటే నిమిషానికి 6000, సెకనుకు 100. అన్నిసార్లూ ఆ చిన్న బిళ్లలు కలిసి విడిపోవాలి. విడిపోయే చోట కరెంటు ఖాళీని దూకబోతుంది. దాన్ని పీల్చుకోవడానికే పక్కన సుమారు 0.2 మైక్రోఫారడ్‌ల కండెన్సర్ పెడతారు. అయినా బిళ్లలు క్రమంగా మాడి, ఒకదాని మీద గుంట, మరోదాని మీద మొటిమ ఏర్పడతాయి.

మరో అరుగుదల కంటికి అంత త్వరగా కనబడదు. కామ్‌ను రాసుకుంటూ ఉండే పాయింటు మడమ అరుగుతుంది. మడమ అరిగితే ఖాళీ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, రవ్వ ఆలస్యమవుతుంది. బండి ఎత్తు ఎక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందుకే కొన్ని వేల కిలోమీటర్లకోసారి ఫీలర్ గేజ్ పెట్టి ఖాళీని సరిచేయాల్సి వస్తుంది.

3. కొత్త స్విచ్

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్లలో బాగా వాడుకలో ఉన్న రకం హాల్ ప్రభావం మీద పనిచేస్తుంది. కరెంటు ప్రవహిస్తున్న పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే, పలక అంచుల మధ్య చిన్న వోల్టేజి ఏర్పడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నాడు. కిట్‌లో నాలుగు అయస్కాంతాలున్న ఒక ఉంగరం కామ్ మీద కూర్చుంటుంది. పాయింట్లుండే చోట చిన్న మాడ్యూల్ ఉంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా హాల్ సెన్సర్ సంకేతం ఇస్తుంది, ట్రాన్సిస్టర్ ప్రాథమిక కరెంటును తెంచుతుంది. రాపిడి లేదు, మాడే బిళ్లలు లేవు. కాబట్టి ఒకసారి పెట్టిన టైమింగ్ నిలుస్తుంది.

ఒక్క విషయం గమనించండి. కాయిల్ అదే, ప్లగ్గులు అవే, ఫారడే నియమమూ అదే. మారింది స్విచ్ ఒక్కటే. దీన్ని మరచి నేను చేసిన పొరపాటు చెబుతాను.

మా నాన్నగారి అంబాసిడర్‌లో రెండు నెలలకోసారి పాయింట్లు మాడిపోయేవి. ఎందుకు మాడుతున్నాయని అడగకుండా, మాడనిది పెడదామని కిట్ కొని బిగించాను. పదిరోజులు బండి హాయిగా నడిచింది. ఒక సాయంత్రం రైల్వే గేటు దగ్గర ఇంజన్ దానంతటదే ఆగింది. గేటు ఎలాగూ వేసి ఉంది కదా అని తాళంచెవి ఆన్‌లోనే వదిలి దిగాను. పావుగంట తర్వాత కూర్చుంటే కాలిన వాసన. సెల్ఫ్ తిరుగుతోంది, రవ్వ లేదు. ట్రాక్టరుకు తాడు కట్టించి ఇంటికి తెచ్చాను.

మర్నాడు కాయిల్ నిరోధం కొలిస్తే 1.5 ఓమ్‌లు. బల్లాస్ట్ నిరోధంతో కలిపి వాడవలసిన కాయిల్‌ను ఎప్పుడో ఎవరో బల్లాస్ట్ లేకుండా పెట్టేశారు. 3 ఓమ్‌ల కాయిల్ అయితే 12 వోల్టులకు 4 ఆంపియర్లు, 48 వాట్లు. 1.5 ఓమ్‌లకు 8 ఆంపియర్లు, 96 వాట్లు. ఇంజన్ ఆగినప్పుడు మాడ్యూల్ కరెంటును వదిలే స్థితిలోనే నిలిచిపోయింది. ఆ ఎనిమిది ఆంపియర్లూ పావుగంట దాని గుండా పోయాయి. పాయింట్లు మాడడానికి కారణమూ ఆ కాయిలే. ముప్పై ఏళ్లు ఓమ్ నియమం పాఠం చెప్పినవాణ్ణి, మల్టీమీటరు తీయడానికి బద్ధకించాను.

4. బిగించే ముందు, బిగించేటప్పుడు

కాబట్టి మొదట కొలతలు. కాయిల్ తీగలు విప్పి, దాని రెండు కొనల మధ్య నిరోధం చూడండి. కిట్‌తో వచ్చిన కాగితంలో కనీస నిరోధం ఎంతని రాసి ఉంటే అంతకు తగ్గకూడదు.

తర్వాత ధ్రువత. బ్యాటరీ ఏ ధ్రువం బాడీకి కలిపి ఉందో కళ్లతో చూసి నిర్ధారించుకోండి. 1960ల మధ్య వరకు బ్రిటన్‌లో చాలా కార్లు ధనధ్రువాన్ని బాడీకి కలిపి వచ్చేవి. ఆ వంశానికి చెందిన పాత బండి విషయంలో ఊహ పనికిరాదు. పాయింట్లకు ధ్రువతతో పేచీ లేదు. ట్రాన్సిస్టర్‌కు ఉంది. తారుమారు చేస్తే క్షణంలో పోతుంది. ధనధ్రువం ఎర్త్ ఉన్న బండికి దానికి తగిన కిట్టే కావాలి.

ఇక బిగింపు తేలికే. బ్యాటరీ తీగ తీసేయండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోండి. పాయింట్లు, కండెన్సర్ విప్పి ఆ స్థానంలో మాడ్యూల్ బిగించండి. అయస్కాంతపు ఉంగరాన్ని కామ్ మీద అదిమి, రోటర్ పెట్టండి. రుణధ్రువం ఎర్త్ ఉన్న బండిలో సాధారణంగా ఎర్ర తీగ తాళంచెవి నుంచి వచ్చే కొనకు, నల్ల తీగ కాయిల్ రుణ కొనకు వెళతాయి. బల్లాస్ట్ ఉన్న బండిలో ఎర్ర తీగను బల్లాస్ట్‌కు ముందే కలపాలి, మాడ్యూల్‌కు పూర్తి వోల్టేజి అందాలి. రాగి కోర్ ఉన్న ప్లగ్గు తీగలుంటే నిరోధం ఉన్నవాటితో మార్చండి. రవ్వ వెదజల్లే రేడియో తరంగాలు మాడ్యూల్‌ను తికమక పెడతాయి. చివరగా స్ట్రోబ్ లైటుతో టైమింగ్ చూడాలి. పాత గుర్తుతో సరిపోతుందనుకోవద్దు.

డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు తుప్పుపట్టి ఉంటే వేగంతో పాటు టైమింగ్ ముందుకు జరగదు. దాన్ని ఏ కిట్టూ బాగుచేయదు. విప్పిన పాయింట్లను, కండెన్సర్‌ను మాత్రం గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి మూలరూపంలో ఉన్న బండ్లనే వింటేజ్‌గా గుర్తిస్తారు. ఈ మార్పు అరగంటలో వెనక్కి తీసుకోగలిగినదే, పాత సామాను పారేయకపోతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) ఆరు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిమిషానికి 3600 చుట్లు తిరిగితే సెకనుకు ఎన్ని రవ్వలు కావాలి?

(ఆ) 1.5 ఓమ్‌ల కాయిల్‌కు శ్రేణిలో 1.5 ఓమ్‌ల బల్లాస్ట్ కలిపి 12 వోల్టులు ఇస్తే, కాయిల్‌లో ఉష్ణంగా మారే సామర్థ్యం ఎంత?

జవాబులు: (అ) 180. (ఆ) కరెంటు 4 ఆంపియర్లు, సామర్థ్యం 24 వాట్లు.