చక్రాల మీద కాపురం

పోయిన జూన్‌లో వారం రోజులు ఒక బండిలో కాపురమున్నాం. మా అబ్బాయి, కోడలు, పదమూడేళ్ల మనవడు, ఆరేళ్ల మనవరాలు, మా ఆవిడ, నేను, వెరసి ఆరుగురం. అమెరికాలో ఆ బండిని ఆర్వీ అంటారు. లారీ ఛాసిస్ మీద ఇరవై ఐదడుగుల పొడవున కట్టిన ఇల్లనుకోండి. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, సింకు, ఒకరు నిలబడేపాటి స్నానాలగది అన్నీ అందులోనే. డాలస్ నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా విమానంలో వెళ్లి, అక్కడ బండి అద్దెకు తీసుకుని, జాక్సన్ ఊరి మీదుగా ఎల్లోస్టోన్ చేరాం. 1872లో ఏర్పడిన పార్కది. అక్కడి ఎలుగుబంట్ల కబుర్లూ, బైసన్ మందల కబుర్లూ ఇంకోసారి చెబుతాను. ఇవాళ బండి సంగతే.

ఎందుకంటే, కాలేజీలో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్స్ చెప్పిన నాకు ఆ వారం రోజులూ పండగలా గడిచాయి. ఇంట్లో మనం కుళాయి తిప్పుతాం, నీళ్లొస్తాయి. స్విచ్చేస్తాం, వెలుగొస్తుంది. ఎక్కణ్ణించి వచ్చాయో, ఎక్కడికి పోయాయో గోడలు దాచిపెడతాయి. ఈ బండిలో గోడ మందం రెండంగుళాలుంటే ఎక్కువ. దాచడానికి చోటే లేదు. నీళ్లకో ట్యాంకు, వాడిన నీళ్లకో ట్యాంకు, గ్యాస్‌కో సిలిండరు, కరెంటుకో బ్యాటరీ, దేనికెంతుందో గోడ మీద చిన్న దీపాలు చెబుతూ ఉంటాయి. ఎక్కడ ఏం తేడా వచ్చినా దాని వెనక కారణం చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది.

మొదటి తేడా పాలతో వచ్చింది. మొదటి రాత్రి జాక్సన్ దగ్గర కాస్త వాలుగా ఉన్న చోట బండి ఆపుకుని పడుకున్నాం. మంచం మీద తల కిందికీ కాళ్లు పైకీ అయితే దిండు అటు మార్చుకున్నాం, అంతే. తెల్లారి కోడలు కాఫీకి పాలు కాచబోతే విరిగిపోయాయి. పెరుగు నోట్లో పెట్టలేనంత పులుపు. ఫ్రిజ్ దీపం వెలుగుతూనే ఉంది, లోపల మాత్రం చల్లదనం లేదు.

ఆ ఫ్రిజ్ మన ఇళ్లలో ఉండేలాంటిది కాదర్రా. దానికి మోటారు లేదు, కంప్రెసర్ లేదు. గ్యాస్ మంటతో నడుస్తుంది. మంట పెట్టి చల్లబరచడమేమిటని మనవడు అడిగాడు. తడిబట్ట ఆరేటప్పుడు చల్లబడుతుంది కదా, కూజాలో నీళ్లు అందుకే చల్లగా ఉంటాయి కదా, ఆవిరయ్యేది ఏదైనా చుట్టుపక్కల వేడిని పీల్చుకునే పోతుంది. ఈ ఫ్రిజ్ గొట్టాల్లో నీళ్లకు బదులు ఆ పని చేసేది అమ్మోనియా. అమ్మోనియా కలిసిన నీళ్లను కింద చిన్న మంట వేడి చేస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకి పోయి, వెనకవైపు రేకుల్లో చల్లారి ద్రవమవుతుంది. అక్కణ్ణించి హైడ్రోజన్ నిండిన గొట్టంలోకి జారుతుంది. అక్కడ దాని చుట్టూ అమ్మోనియా ఆవిరి దాదాపు లేదు, ఉన్నదంతా హైడ్రోజనే. అందుకని పొడిగాలి వీచే రోజున తడిబట్ట ఆరినట్టు గబగబా ఆవిరైపోతూ, ఫ్రిజ్ లోపలి వేడిని పీల్చేసుకుంటుంది. తర్వాత మళ్లీ నీళ్లలో కరిగి, మంట దగ్గరికి చేరుతుంది. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు, బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్, దీన్ని కనిపెట్టారు. కదిలే భాగాలు లేని ఫ్రిజ్ మీద ఐన్‌స్టీన్ కూడా పనిచేశాడని మీకు తెలుసా? లియో సిలార్డ్‌తో కలిసి 1930లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు.

మోటారు లేదన్నానే, మరి ఆ ద్రవాన్ని కదిలించేదేమిటి? వాలు. గొట్టాలన్నీ కొద్దికొద్దిగా వాలుగా బిగించి ఉంటాయి, ద్రవం తన బరువుకు తానే జారుతుంది. బండే ఒక పక్కకు ఒరిగితే జారాల్సిన చోట ద్రవం మడుగు కట్టి నిలిచిపోతుంది. రాత్రంతా జరిగింది అదే.

ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా ముందు బండి మట్టం చూడటం పిల్లల పని. మన మేస్త్రీలు వాడే రసమట్టం లాంటిదే బండి గోడకు అతికించి ఉంది. మనవడు దాన్నే నమ్మేవాడు. మనవరాలు మాత్రం వంటగది నేల మీద గోళీ పెట్టి, అది ఎటు దొర్లుతుందో చూసి, "నాన్నా, ఇటు పక్క ఇంకొకటి!" అని అరిచేది. చక్రాల కింద వేసే ప్లాస్టిక్ పలకలుంటాయి, అవి ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవాలి. గోళీ కదలకుండా నిలబడ్డ రోజున పెరుగు గట్టిగా తోడుకుని, చల్లగా ఉంది.

ఇక నీళ్లు. రెండో రాత్రి గ్రాండ్ టీటన్ పార్కులో, కుళాయి కనెక్షన్ లేని చోట ఆగాం. మంచినీళ్ల ట్యాంకు నలభై గ్యాలన్లది, అంటే నూట యాభై లీటర్లు. షవర్ నిమిషానికి ఏడు లీటర్లు తాగుతుంది. భాగహారం చేయండి, ట్యాంకు మొత్తం కలిపి ఇరవై నిమిషాల స్నానం. మనవడు స్నానానికి వెళ్లి, పాటలు పాడుకుంటూ బయటికొచ్చేసరికి సింకు కింద చిన్న పంపు ఆగకుండా గర్రుమంటోంది. గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు తిరిగి, ఒత్తిడి నిండగానే ఆగిపోవడం ఆ పంపు పని. ట్యాంకు ఖాళీ అయితే ఒత్తిడి ఎప్పటికీ నిండదు, అది తిరుగుతూనే ఉంటుంది. ఆ మోత వింటే నీళ్లయిపోయాయని అర్థం.

మా ఆవిడ వాణ్ణి ఏమీ అనలేదు. నూతిలో చేదతో తోడుకున్న రోజులు చూసిన మనిషి. మర్నాడు ట్యాంకు నింపాక, చిన్న బకెట్టులో సగం నీళ్లు పట్టి, ఒక చెంబు ఇచ్చి పంపింది. ఏడెనిమిది లీటర్లలో శుభ్రంగా స్నానం చేసి వచ్చాడు. వచ్చి గోడ మీది దీపాలు చూశాడు. "తాతయ్యా, మంచినీళ్ల దీపం తగ్గలేదు, మురికినీళ్ల దీపం పెరగలేదు" అన్నాడు. ఒక ట్యాంకులో తగ్గినదే ఇంకో ట్యాంకులో పెరుగుతుందని వాడు నోటితో చెప్పలేదు గానీ, రెండు దీపాలూ కలిపి చూశాడు. నాకు అది చాలు.

ఎల్లోస్టోన్ లోపల ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట నాలుగు రాత్రులున్నాం. ఆ పార్కులో నీళ్లు, కరెంటు, డ్రైనేజీ మూడూ బండికి తగిలించుకునే వీలున్నది అక్కడొక్కచోటే. ఎలుగుబంట్ల తావు కాబట్టి గుడ్డ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు. రోహిణీ కార్తె ఎండల్లోంచి వెళ్లిన మాకు ఆ చలి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. మొదటి రాత్రి కుళాయికి తగిలించిన గొట్టం అలాగే వదిలేసి పడుకున్నాం. తెల్లారి సింకులో చుక్క రాలేదు. బయటికెళ్లి పట్టుకుంటే గొట్టం కర్రలా బిగుసుకుపోయి ఉంది. కుళాయి దగ్గర బిగించిన ఇత్తడి రెగ్యులేటర్‌కు వెంట్రుకంత సన్నటి పగులు. నీళ్లు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. ఉబ్బడానికి చోటివ్వకపోతే ఇత్తడిని కూడా చీలుస్తాయి. ఆ మర్నాటి నుంచి పొద్దుగూకగానే గొట్టం ఊడదీసి, నీళ్లు వంచేసి, రాత్రికి ట్యాంకు నీళ్లే వాడుకున్నాం.

కరెంటుదీ ఒక ముచ్చటుంది. ఆ చలికి మా ఆవిడ కాళ్ల దగ్గర హీటర్ పెట్టారు, కోడలు కెటిల్ పెట్టింది, మనవడు మైక్రోవేవ్‌లో ఏదో వేడి చేశాడు. ఒక్కొక్కటి పదిహేను వందల వాట్లు, మొత్తం 4500. బండికి వచ్చేది 120 వోల్టులు, 30 ఆంపియర్లు, అంటే 3600 వాట్లు. రెండు మూడు నిమిషాలు ఓర్చుకుని బ్రేకర్ పడిపోయింది. మన దేశంలో 230 వోల్టులు కాబట్టి, గీజర్‌కు పెట్టే ఒక్క 16 ఆంపియర్ల ప్లగ్గే 3680 వాట్లు ఇస్తుంది. అంటే మన స్నానాలగది ప్లగ్గు ఒక్కటి ఈ ఇల్లంతటికీ సరిపోతుంది!

ఇప్పుడు అసలు కథకొస్తాను, పప్పు కథ. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో మొదటి సాయంత్రం కోడలు కందిపప్పు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఆవిరికి పొగ అలారం మోగుతుందేమోనని కుక్కర్ బయటికి తీయలేదు. నీళ్లు కుతకుత మరుగుతున్నాయి. గంట గడిచింది, గంటన్నర గడిచింది. పలుకు తీసి వేళ్ల మధ్య నలిపితే ఇంకా గట్టిగానే ఉంది. పప్పు పాతదేమో అంది మా ఆవిడ.

పప్పుదేం తప్పు లేదు. ఆ పక్కనున్న ఎల్లోస్టోన్ సరస్సు సముద్ర మట్టానికి 2357 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున మన నెత్తి మీద ఉన్న గాలి బరువు సముద్రపు ఒడ్డున ఉన్నదాంట్లో ముప్పాతిక వంతే. నీళ్లు మరగడమంటే ఆవిరి ఆ గాలి బరువును తోసుకుని పైకి రావడం. బరువు తగ్గింది కాబట్టి 92 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇక ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు, ఆవిరైపోతాయంతే. ఎనిమిది డిగ్రీలేగా అనుకుంటాం. పది డిగ్రీలు తగ్గితే ఉడికే వేగం సగానికి పడిపోతుందని ఒక మోటు లెక్క. కళ్ల ముందు తెర్లుతున్న నీళ్లు చూసి పప్పు ఉడుకుతోందనుకుంటాం, అక్కడే పొరబడతాం.

సరే, కిటికీలు తెరిచి, మా ఆవిడ సూట్‌కేసులోంచి మూడు లీటర్ల కుక్కర్ తీసింది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ వాళ్లకు ఎముకల్ని సైతం మెత్తగా ఉడికించి చూపించిన పాత్రకు ఇది వారసురాలే. మూత మీద ఆ విజిల్ బరువు లోపలి ఆవిరిని ఆపి ఉంచుతుంది. మన ఊళ్లో అయితే కుక్కర్ లోపల 121 డిగ్రీలు. ఆ కొండ మీద బయటి గాలి పల్చన కాబట్టి 116 దాకా వెళ్తుంది. చాలు, పప్పు వెన్నలా ఉడుకుతుంది.

నాలుగు విజిళ్లయ్యాక పొయ్యి కట్టేశారు. ఆకలి మీదున్న మనవడు ఆవిరి దిగేదాకా ఆగలేక, గరిటెతో విజిల్ ఎత్తేశాడు. ఒక్కసారిగా బుస్సుమని పసుపుపచ్చటి ధార లేచి, బండి కప్పుకు తగిలి, నాలుగు పక్కలా చిమ్మింది. ఎవరికీ కాలలేదు, అది మా అదృష్టం. అలారం మాత్రం మోగింది. మనవరాలు బల్ల కిందికి దూరి, తల మీద రెండు చేతులూ పెట్టుకుని, కప్పుకేసి చూస్తోంది. తెల్లటి కప్పు మీద పప్పు మరకలు, వాటిల్లోంచి ఒక్కో చుక్కా జారుతోంది.

కప్పు తుడుస్తూనే వాళ్లకు చెప్పాను. లోపల నీళ్లు 116 డిగ్రీల దగ్గర కూడా కదలకుండా ఉన్నది బరువు ఉన్నంతవరకే. బరువు తీసేస్తే అవి 92కే మరగాల్సిన నీళ్లు. అందుకని అన్నిచోట్లా ఒకేసారి ఆవిరైపోయి, పప్పును కూడా వెంటబెట్టుకుని పైకి ఎగిరాయి. అందుకే ఆవిరి దానంతటది దిగాకే మూత తీయాలి. ఇంట్లో కుక్కర్ ఉన్న ప్రతి పిల్లాడికీ ఈ మాట తెలిసి తీరాలి.

మర్నాడు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూడటానికి వెళ్లాం. సుమారు గంటన్నరకోసారి నేలలోంచి వేణ్ణీళ్లు ఎగజిమ్మే గీజర్ అది. చుట్టూ వేసిన బల్లల మీద జనం. మా ఎదురుగా తెల్లటి మట్టిదిబ్బ, దాని నెత్తిన కాస్త ఆవిరి. మనవరాలు నా ఒళ్లో కూర్చుంది. దాని కింద ఏముంది తాతయ్యా అంది.

కింద గొంతులాంటి ఇరుకు సందుందమ్మా అన్నాను. ఏడు మీటర్ల లోతున ఆ గొంతు నాలుగంగుళాలే. దాన్నిండా నీళ్లు, ఆ అడుగున కాగుతున్న రాయి. పై నీళ్లు 93 డిగ్రీలకు మరుగుతాయి, కానీ అడుగునున్న నీళ్ల మీద పై నీళ్ల బరువంతా ఉంది. పది మీటర్ల నీళ్ల బరువూ, మన కుక్కర్ విజిల్ ఆపే బరువూ ఇంచుమించు ఒకటే. అంటే అంత లోతున నీళ్లు మరగాలంటే 116 డిగ్రీలు కావాలి.

"నిన్నటి పప్పులాగా?"

అవును, నిన్నటి పప్పులాగానే.

ఇంతలో దిబ్బ మీద కాసిని నీళ్లు పొర్లి, పక్కకు జారాయి. జనం కెమెరాలు ఎత్తి, అంతా అయిపోయిందేమోనని మళ్లీ దించారు. ఇంకాసేపటికి మరికాసిని పొర్లాయి. చూడమ్మా, పై నీళ్లు పొర్లిపోతున్నాయి, కింద ఉన్నవాటికి బరువు తగ్గుతోంది అన్నాను. ఆ మాట ఇంకా నా నోట్లో ఉండగానే తెల్లటి ధార లేచింది. చెట్లను దాటి, ఇంకా పైకి, చూస్తూ చూస్తూ ఆకాశం సగం కమ్మేసింది.

"తాతయ్యా, విజిల్ ఎత్తేశారు!" అని అరిచి, మనవరాలు రెండు చేతులూ తల మీద పెట్టుకుని, కప్పుకోసం పైకి చూసింది.