పిల్లల్ని ఎమర్జెన్సీ నుంచి ఇంటికి తెస్తున్నారా..? బయటికొచ్చే ముందు ఆ ఐదు నిమిషాలు ఆగండి!

అర్ధరాత్రి పిల్లాడికి 103 జ్వరం. నాన్న స్టీల్ ప్లాంట్‌లో సీ షిఫ్ట్‌కి వెళ్లిపోయాడు. అమ్మ, పక్కింటావిడ కలిసి ఆటోలో ఆస్పత్రికి పరుగు. కూర్మన్నపాలెం, దువ్వాడ, గాజువాక వైపు ఇలాంటి రాత్రి తెలియని ఇల్లు తక్కువే. రెండు గంటలకి జ్వరం దిగుతుంది. సిస్టర్ ఓ కాగితం చేతిలో పెట్టి, "మూడు పూటలా వేయండి.. తగ్గకపోతే తీసుకురండి" అంటుంది. "అలాగేనమ్మా" అని తలూపి బయటపడతాం.

ఇక్కడే ఉంది అసలు సమస్య. "తగ్గకపోతే" అంటే ఎన్ని గంటలు చూడాలి? మూడు పూటలా అంటే ఒక్కో పూట ఎన్ని ఎంఎల్? పొద్దున్న మందు వేసేది ఎవరు.. ఆస్పత్రికి వెళ్లిన అమ్మా, లేక ఇంట్లో ఉన్న నానమ్మా?

వైద్యం బాగానే జరిగింది. మాటే సగంలో ఆగిపోయింది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కాదు. అమెరికాలో ఎమర్జెన్సీ నుంచి డిశ్చార్జ్ అయిన 140 మంది రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లతో మాట్లాడి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వంద మందిలో 78 మందికి కనీసం ఒక విషయం సరిగ్గా అర్థం కాలేదని తేలింది. ఎక్కువ తికమక ఇంటికెళ్లాక ఏం చేయాలన్న దగ్గరే. ఇంకా షాకింగ్ ఏంటంటే.. తమకి అర్థం కాలేదన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు! తెలియనప్పుడు ఇక అడిగేదేముంది?

సీసా మారితే డోసు నాలుగింతలు

పిల్లల జ్వరానికి ఎక్కువగా ఇచ్చేది పారాసెటమాల్. ఇది మన మెడికల్ షాపుల్లో కనీసం మూడు రకాలుగా దొరుకుతుంది. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములు ఉంటే, ఇంకో సిరప్‌లో అదే 5 ఎంఎల్‌కి 250. చంటిపిల్లల డ్రాప్స్ చిన్న సీసా కాబట్టి తక్కువ పవర్ అనుకుంటాం. కానీ అందులో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది.

10 కిలోల పిల్లాడికి డాక్టర్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 150 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. 125 సిరప్ అయితే 6 ఎంఎల్. 250 సిరప్ అయితే 3 ఎంఎల్. డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్ మాత్రమే. ఆస్పత్రిలో "ఆరు ఎంఎల్" అని విన్న అమ్మ, ఇంట్లో పాత డ్రాప్స్ సీసా ఉంది కదా అని అదే ఆరు ఎంఎల్ పోస్తే..? 600 మిల్లీగ్రాములు. నాలుగింతలు. అదే పొరపాటు రోజుకి నాలుగుసార్లు జరిగితే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇందులో అమ్మ తప్పు ఎంత? ఆమెకి ఎంఎల్ చెప్పారు, ఏ సీసాయో చెప్పలేదు. (ఈ లెక్క ఉదాహరణకే. మీ పిల్లల డోసు డాక్టరే చెప్పాలి.)

ఇంక స్పూన్ సంగతి. మన వంటింట్లో ఏ రెండు స్పూన్లూ ఒక్క సైజులో ఉండవు. న్యూయార్క్‌లో 287 మంది తల్లిదండ్రుల మీద చేసిన ఒక పరిశీలన 2014లో వచ్చింది. వాళ్లలో దాదాపు 39 శాతం మంది తాము ఇద్దామనుకున్న డోసునే సరిగ్గా కొలవలేకపోయారు. స్పూన్లలో లెక్కేసేవాళ్లు ఎంఎల్‌లో లెక్కేసేవాళ్ల కన్నా ఎక్కువగా తప్పారు. అందుకే సీసాతో వచ్చిన మూతో, సిరంజో వాడాలి. వీలైతే సిస్టర్ చేతే సిరంజి మీద పెన్నుతో గీత పెట్టించుకోండి.

చీటీలో రాసే పొట్టి అక్షరాలు ఇంకో తలనొప్పి. 'బీడీ' అంటే రోజుకి రెండుసార్లు, 'టీడీఎస్' అంటే మూడుసార్లు. 'ఎస్ఓఎస్' అంటే అవసరమైతేనే. ఎస్ఓఎస్ చూసి అదేదో అర్జెంట్ మందు, తప్పకుండా వేయాలేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. అనుకోరా మరి!

'ఓఆర్ఎస్' అన్నారు.. షాపులో ఏం ఇచ్చారు?

విరేచనాలతో వెళ్లిన పిల్లలకి డిశ్చార్జ్ చీటీలో తప్పకుండా ఉండే పేరు ఓఆర్ఎస్. కానీ షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే, ఏళ్ల తరబడి చాలామంది చేతికి వచ్చింది చక్కెర ఎక్కువున్న డబ్బా డ్రింకులు. అవి విరేచనాలను ఇంకా పెంచుతాయి. దీని మీద హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పాటు పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది.

అసలు పొడి కొన్నా నీళ్ల లెక్క తప్పకూడదు. పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో, మొత్తం ఒకేసారి కలపాలి. 200 ఎంఎల్‌కి కలిపే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి, ప్యాకెట్ మీద చూసుకోండి. పెద్ద ప్యాకెట్ పొడి గ్లాసు నీళ్లలో వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. జింక్ మందు ఇస్తే 14 రోజులూ వేయాలి. మూడో రోజుకే విరేచనాలు ఆగాయని మందు ఆపేయడం మనకి మామూలే.. ఎందుకు 14 రోజులో ఎవరూ చెప్పకపోతే ఆపకేం చేస్తారు?

జ్వరం తగ్గింది.. ఇక భయం లేదా?

డెంగీలో ఇది పెద్ద ఉచ్చు. డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. కడుపు నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్లాడు మగతగా పడి ఉండటం.. వీటిలో ఏది కనిపించినా తిరిగి ఆస్పత్రికే. "తగ్గకపోతే రండి" అన్న ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చిన తల్లిదండ్రులకి జ్వరం తగ్గాక కూడా రావాల్సి ఉంటుందని తట్టదు కదా.

జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లల సంగతీ అంతే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కనిపించే ఈ ఫిట్స్ చాలావరకు వాటంతట అవే ఆగిపోతాయి. కానీ ముగ్గురిలో ఒకరికి మళ్లీ రావచ్చు. ఈ మాట చెప్పి పంపకపోతే, రెండోసారి వచ్చినప్పుడు ఇంట్లో వాళ్లు నోట్లో స్పూన్ పెడతారు, చేతిలో తాళాలు పెడతారు. అవేవీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108.

ఆస్పత్రి వైపు నుంచి కూడా చూద్దాం. కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో ఒక పిల్లాడి డిశ్చార్జ్ రాస్తుండగానే ఇంకో స్ట్రెచర్ వస్తుంది. టైం ఉండదు, నిజమే. కానీ "అర్థమైందా?" అన్న ప్రశ్నకి మన దగ్గర ఒకటే జవాబు.. "అయింది సార్". దాని బదులు "ఇంటికెళ్లాక మీ అత్తగారికి ఏం చెప్తారమ్మా?" అని అడిగితే తేడా అక్కడే బయటపడుతుంది. విన్నది వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకునే ఈ పద్ధతిని చాలా దేశాల్లో నర్సులకి నేర్పిస్తున్నారు. పట్టేది ఒకటి రెండు నిమిషాలు. 'రెస్పిరేటరీ డిస్ట్రెస్' అనే బదులు 'డొక్కలు ఎగరేస్తే' అంటే ఉత్తరాంధ్రలో ఏ అమ్మకైనా వెంటనే తెలుస్తుంది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కార్మికుల కుటుంబాలకి మాత్రం తెలుగు కూడా సరిపోదు, ఎవరో ఒకరు వాళ్ల భాషలో చెప్పాలి.

సిస్టర్ అడగకపోతే మీరే మొదలుపెట్టండి. "ఒక్క నిమిషం సిస్టర్, నేను తిరిగి చెప్తా, తప్పైతే సరిచేయండి" అనండి. ఏ సీసా, ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు, ఏం కనిపిస్తే వెంటనే రావాలి.. ఇవి చెప్పి చూడండి. ఆ మాటల్ని సిస్టర్ అనుమతితో ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసి, చీటీ ఫొటోతో పాటు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెడితే షిఫ్ట్‌లో ఉన్న నాన్నకీ, ఇంట్లో నానమ్మకీ అదే మాట చేరుతుంది.

విసుక్కుంటారేమో అని మొహమాటం వద్దు. రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యేలా సమాచారం ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన మార్చింది. కేస్ షీట్ కాపీ కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న రూల్ కూడా ఉంది. నోటితో కాకుండా కాగితం మీద అడగండి, ఇచ్చిన తేదీ, టైం వేయించుకోండి.