నిచ్చెన కొంటున్నారా?

ట్యాంకు కడగడానికో, పండక్కి సున్నం వేయడానికో నిచ్చెనెక్కి, జారిపడి మడమో వెన్నుపూసో విరిగి ఆస్పత్రికి వచ్చేవారు తక్కువేం కాదు. పొట్టి నిచ్చెన చివరి మెట్టుపై నిలబడటం మరీ ప్రమాదం. అందుకే సాగే నిచ్చెన కొనేముందే ఎత్తు లెక్కేయండి. 10 అడుగుల డాబాకు, సాగదీశాక కనీసం 14 అడుగులుండాలి. అప్పుడే అంచు దాటి 3 అడుగులు పైకొచ్చి చేతికి ఆసరా అవుతుంది. మొదలు గోడకు రెండున్నర అడుగుల దూరంలో పెట్టండి. మీ బరువు, సామాను బరువు కలిపి మోయగలదా? దానిపై రాసిన పరిమితి చూడండి. లాకులు, రబ్బరు తొడుగులు గట్టిగా ఉండాలి. అల్యూమినియం గుండా కరెంటు పాకుతుంది, ఫైబర్‌గ్లాస్ మేలు. ఏదైనా సరే, తీగలకు దూరంగా ఉంచండి. ఎవరైనా పడి మెడ, నడుము నొప్పంటే లేపి కూర్చోబెట్టకండి. కదపకుండా 108కు ఫోన్ చేయండి.