రక్తంలో 26 మందికి, నిజంగా ఒక్కరికి

తాడిమర్రి, ధర్మవరం వైపు ఇళ్లలో చెనక్కాయ (వేరుశనగ) లేని వారం ఉండదు. వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి రోట్లో నూరితే ఊరిబిండి. బెల్లం పాకం పడితే ఉండలు. ఇదే గింజను బ్రిటన్‌, అమెరికాల్లో చాలా బడులు అలర్జీ భయంతో పిల్లల డబ్బాల్లోకి రానివ్వవు.

మన పక్కనున్న కర్ణాటకలో పెద్దవాళ్లపై జరిగిన యూరోప్రివాల్ ఆహార అలర్జీ సర్వే ఫలితాలు 2016లో వచ్చాయి. 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఎదురు నిలిచే ఐజీఈ ప్రతిరక్షకాలు కనిపించాయి. నిజంగా అలర్జీ ఉండొచ్చని తేలినవాళ్లు మాత్రం 1.2 శాతమే. బడిపిల్లల్లోనైతే మన దేశపు లెక్క 0.14 శాతం, అంటే పదివేల మందిలో 14 మంది; హాంకాంగ్‌లో 1.5 శాతం. కాబట్టి బిడ్డ హాయిగా తింటున్న పాలు, గుడ్డు, చెనక్కాయలను ల్యాబ్ రిపోర్టు ఒక్కటే చూసి మాన్పించకండి. ఎదిగే బిడ్డకు అది తీరని అన్యాయం.

ఐజీఈ చేసే పని ఇది: మాస్ట్ కణాల మీద అతుక్కుని కూర్చుంటుంది. తనకు పడని మాంసకృత్తు తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. నిమిషాల్లో దద్దుర్లు, వాంతులు, పిల్లికూతలు. మరి రక్తంలో ఐజీఈ ఉన్నా చాలామందికి ఏమీ కాదెందుకు? పేగుల గుండా వచ్చిన ఆహారాన్ని వదిలేయమని మిగతా కణాలకు నచ్చజెప్పే నియంత్రక టి-కణాలు మనలో ఉండడం ఒక ముఖ్య కారణం. 2025 వైద్య నోబెల్ ఆ కణాల పరిశోధనకే దక్కింది. అదే మాంసకృత్తు ఎగ్జిమా లాంటి వాటితో పగిలిన చర్మం గుండా ముందు చేరితే కథ వేరు. వాకిట్లోంచి వచ్చినవాడు చుట్టం, గోడ దూకి వచ్చినవాడు దొంగ.

లండన్‌లో పిల్లల అలర్జీ వైద్యుడు గిడియన్ లాక్ బృందం, నోటి ద్వారా ముందే తినిపిస్తే అలర్జీ తగ్గుతుందా అన్నది పరీక్షకు పెట్టింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న 4–11 నెలల పసివాళ్లు 640 మందిని తీసుకుని, సగం మందికి వేరుశనగ తినిపించి, సగం మందికి మాన్పించారు. 2015లో ఫలితం వచ్చింది: ఐదేళ్ల వయసుకు మానేసిన వాళ్లలో 17.2 శాతం మందికి అలర్జీ, తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే. ముప్పున్న పిల్లలకు మూడేళ్ల దాకా పెట్టొద్దని అమెరికా వైద్యులు ఒకప్పుడు చెప్పి, 2008లోనే వెనక్కి తీసుకున్న సలహా దీంతో పూర్తిగా తలకిందులైంది.

ఆ పిల్లలు తిన్నది వారానికి 6 గ్రాముల మాంసకృత్తు. మన లెక్కలో సుమారు 24 గ్రాముల గింజలు, గుప్పెడు. అన్నప్రాశన అయ్యాక, వేయించి పొట్టు తీసి మెత్తగా నూరి రాగి జావలో కలిపి, వారానికి మూడుసార్లుగా పెట్టొచ్చు. గింజ గింజగా మాత్రం వద్దు. గొంతుకు అడ్డం పడుతుంది. ఒళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు పిల్లల డాక్టరును అడగాలి. చర్మం పగిలిన బిడ్డకు గానుగ చెనక్కాయ నూనెతో మర్దనా చేయకపోవడమే మంచిది.

అలర్జీ ఇప్పటికే ఉన్నవాళ్లకు రోజూ కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఒంటికి అలవాటు చేసే చికిత్స ఉంది. 2018లో వెలువడిన పాలిసేడ్ పరీక్షలో అర మిల్లీగ్రాము వేరుశనగ మాంసకృత్తుతో మొదలై 300 మిల్లీగ్రాముల దాకా వెళ్లారు. చివరికి 67.2 శాతం మంది పిల్లలు 600 మిల్లీగ్రాములు తట్టుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో 4 శాతమే. ఐజీఈని పట్టి బంధించే ఒమాలిజుమాబ్ ఇంజక్షన్‌కు ఆహార అలర్జీలో వాడేందుకు అమెరికాలో 2024 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఈ రెండూ నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి, ఇంట్లో సొంతంగా ప్రయత్నించేవి కావు.

తిన్న కాసేపటికే ఊపిరి అందకపోయినా, బిడ్డ సొమ్మసిల్లినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో మొదట ఇచ్చేది అడ్రినలిన్: కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి. 15 కిలోల బిడ్డకు 0.15 మిల్లీగ్రాము. దురద తగ్గించే సిట్రిజిన్ సిరప్ దీనికి బదులు కాదు. తేరుకున్నాక కూడా కొన్ని గంటల్లో మళ్లీ తిరగబెట్టొచ్చు కాబట్టి, డాక్టరు చెప్పేదాకా బిడ్డను ఇంటికి తీసుకెళ్లకూడదు.