కాటాకు ఇత్తడి.. కెమెరాకు కన్ను

జగిత్యాల: పాత ఇనుప సామాను కొట్టు. కాటా మీద ఓ మైక్రోస్కోపు. అద్దం ఎప్పుడో పగిలిపోయింది, స్టాండుకు తుప్పు పట్టింది. కింది భాగాన మూడు నాలుగు చిన్న గొట్టాలు మాత్రం చెక్కు చెదరలేదు. వాటిని విప్పి వేరుగా తూస్తారు. పైన తెల్లగా మెరిసే పూత ఉన్నా లోపల ఇత్తడి కాబట్టి ఇనుము కంటే నాలుగు డబ్బులు ఎక్కువ. అంతకు మించి వాటి సంగతి అమ్మినవారికీ పట్టదు, కొన్నవారికీ పట్టదు. పెళ్ళిళ్ళకు వాడే మామూలు కెమెరాకు ఆ గొట్టాల్లో ఒకదాన్ని బిగిస్తే దోమంత పురుగు తెర నిండా కనిపిస్తుందంటే ముందు ఎవరూ నమ్మరు.

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివినవారికి ఇవి కొత్త కాదు. ఉల్లిపొర గాజు పలక మీద పెట్టి చూసేటప్పుడు పలక మీదికి వంగి ఉండే గొట్టాలే ఇవి. ఆబ్జెక్టివ్‌లు అంటారు. రక్త పరీక్షల ల్యాబుల వారు కరెంటు దీపంతో పనిచేసే కొత్త యంత్రం కొంటే పాతది మూలన పడుతుంది. కళాశాల మూతపడితే ప్రయోగశాల సామాను కూడా బీరువాల్లోనే ఉండిపోతుంది. అక్కడి నుంచి కాటా దాకా ఎక్కువ దూరం లేదు.

కోరుట్లలో ఫోటో స్టూడియో నడుపుకునే ఒకాయన వీటి జోలికి వెళ్ళింది పురుగుల ఫోటోల మీద మోజుతో. చిన్న వస్తువులను తీసే మాక్రో లెన్సు కొత్తది కొనాలంటే పదుల వేలు పోయాలి. పోసినా అది సాధారణంగా వస్తువును ఉన్నంత సైజులోనే పట్టిస్తుంది. మన కెమెరాల్లో బొమ్మ పడే పలక వెడల్పు 22 నుంచి 24 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల పురుగు అందులో ఎనిమిదో వంతు జాగాలో కూర్చుంటుంది. మైక్రోస్కోపు గొట్టం అయితే దాన్ని నాలుగింతలో పదింతలో చేసి పలక మీద వేస్తుంది. ఈ లెక్క తెలిశాక ఆయన నేరుగా పాత సామాను కొట్టుకు వెళ్ళారు.

గొట్టాల మీద 4, 10, 40, 100 అని చెక్కి ఉన్నాయి. అంకె పెద్దదైతే బొమ్మ పెద్దది, బొమ్మ పెద్దదైతే ధర పెద్దది అని కొట్టు యజమాని లెక్క. స్టూడియో ఆయనకూ అది సబబుగానే తోచింది. బేరమాడి 40, 100 కొన్నారు. 10 కోసం అడిగితే దాని లెన్సు పగిలి ఉంది. పొట్టిగా ఉన్న 4 అంకె గొట్టాన్ని యజమాని కొసరుగా సంచిలో పడేశారు.

ఇంటికి వచ్చాక వారం రోజులు అవస్థ. 40 అంకె గొట్టం మూతి పురుగుకు అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే గానీ బొమ్మ పట్టదు. అంత దగ్గరికి వచ్చాక వెలుగు దూరే సందు ఎక్కడిది? గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్కకైతే కింది నుంచి వెలుగు వస్తుంది, సరిపోతుంది. ఒళ్ళంతా ఎత్తుపల్లాలున్న పురుగుకు అది కుదరదు. 100 అంకెది ఇంకా అన్యాయం. దాని మూతికీ గాజు పలకకూ మధ్య నూనె చుక్క వేయాల్సిందే. డబ్బు పోసి కొన్నవి రెండూ డ్రాయరులోకి పోయాయి. కొసరుగా వచ్చిన 4 మాత్రం మొదటి రోజే పనిచేసింది. దాని మూతి వస్తువుకు సెంటీమీటరు పైగా ఎడంగా ఉంటుంది, రెండు పక్కల నుంచీ దీపం వేసుకోవచ్చు.

అందుకే ఫోటోల కోసం కొనేవారు 4, 10 అంకెలున్నవాటికే డబ్బు పెట్టాలి. కొత్తరకం గొట్టాలకు అంకె చెరిగినా రంగు గీత ఉంటుంది. ఎరుపైతే 4, పసుపైతే 10. లేత నీలం 40, తెలుపు 100.

అంకె పక్కనే మరికొన్ని రాతలుంటాయి. 4/0.10 అని ఉంటే రెండో అంకె గొట్టం ఎంత వెలుగును, ఎంత సన్నని వివరాన్ని పట్టగలదో చెబుతుంది. ఒకే సైజు గొట్టాల్లో అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. దాని కింద 160 అని ఉంటే పాతకాలపు పద్ధతిది, మనకు సులువు. గొట్టం బిగించే అంచు నుంచి కెమెరాలో బొమ్మ పడే పలక దాకా 150 మిల్లీమీటర్లు దూరం ఉంచితే చాలు, మధ్యలో మరో లెన్సు అక్కర్లేదు. కానన్ డీఎస్ఎల్ఆర్ కెమెరాలో 44 మిల్లీమీటర్లు కెమెరాలోనే పోతాయి. మిగిలిన 106కి పీవీసీ పైపు ముక్క కోసుకున్నా నడుస్తుంది. లోపల నల్ల కాగితం అంటించడం మరిచిపోతే మాత్రం పైపు గోడల మెరుపుతో ఫోటో తెల్లబారుతుంది. 160 బదులు పడుకోబెట్టిన 8 లాంటి గుర్తు ఉంటే అది కొత్త పద్ధతిది. వెనుక 200 మిల్లీమీటర్ల దూరపు లెన్సు లాంటిది ఉంటేనే పనికొస్తుంది. ఆ లెన్సు లేనివారు దాన్ని కొనకపోవడమే మేలు.

ఎక్కడ తయారైన గొట్టమైనా మరొక చోట తయారైన మైక్రోస్కోపుకు పట్టడం వెనుక ఓ కథ ఉంది. 1858లో లండన్‌లోని మైక్రోస్కోపు సంఘం వారు మరలకు ఒకే కొలత ఖరారు చేశారు. వెడల్పు 20.32 మిల్లీమీటర్లు, అంగుళానికి 36 చుట్లు. హర్యానాలోని అంబాలాలో తయారైన కళాశాల మైక్రోస్కోపులకూ సాధారణంగా అదే కొలత. అంగుళంలో ఇన్నని లెక్కపెట్టడం సిరిసిల్ల వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బట్ట మీద చిన్న భూతద్దం పెట్టి పోగులు లెక్కించడం అక్కడ రోజూ జరిగే పనే. అదే అద్దంతో గొట్టం చుట్లు కూడా చూసుకోవచ్చు. అరిగినవి, అడ్డంగా బిగించి చెడగొట్టినవి అప్పుడే దొరికిపోతాయి.

కొనేటప్పుడు గొట్టం వెనుక వైపు నుంచి కన్ను పెట్టి ట్యూబులైటు వైపు చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్టే. వానాకాలాలు మూసిన పెట్టెలో గడిపిన వాటికి ఇది పరిపాటి. అంచున ఇంద్రధనుస్సు రంగులు చంద్రవంకలా కనిపిస్తే లోపల అతికించిన గాజులు విడిపోతున్నాయని అర్థం. ఎంత తక్కువకు ఇచ్చినా అది వద్దు. మూతి మీద పసుపు పచ్చగా ఎండిన నూనె మరక ఉంటే బెదరనక్కర్లేదు, అది తుడిస్తే పోవచ్చు. చొక్కా అంచుతో తుడిస్తే మాత్రం నూనెతో పాటు లెన్సు పైపూత కూడా పోతుంది. లెన్సు కాగితమే వాడాలి. ల్యాబు నుంచి వచ్చినదైతే రక్తం, కళ్ళె పరీక్షల మధ్య తిరిగిన వస్తువు. బయటి భాగాన్ని స్పిరిటుతో తుడిచాకే ముట్టుకోవాలి. లోపల శుభ్రం చేసి ఇస్తామని విప్పేవారి చేతికి ఇవ్వరాదు. గాజుకూ గాజుకూ మధ్య ఎడం కర్మాగారంలో కుదిర్చినది. ఒకసారి తప్పితే మళ్ళీ కుదరదు.

ఆఖరి పరీక్ష దినపత్రిక. కెమెరాకు తగిలించి అచ్చు బొమ్మను ఫోటో తీస్తే అది చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. మధ్యలో చుక్కలు గుండ్రంగా, అంచుల్లో సాగినట్టు ఉంటే మధ్య భాగాన్ని వాడుకోవచ్చు. అంచుల్లో ఊదా రంగు గీతలు పాత గొట్టాల్లో చాలావాటికి తప్పవు. మధ్యలోనే మసకగా ఉంటే తిరిగి ఇచ్చేయాలి.

అమ్మేవారికీ ఒక చిక్కు ఉంది. ప్రభుత్వ బడి, కళాశాల సామానును పనికిరానిదని రాసి వేలం వేశాకే బయటికి పంపాలి. గొట్టం మీదో స్టాండు మీదో సంస్థ పేరు చెక్కి ఉంటే కొనేవారు రసీదు అడగడం తమకే మంచిది. రసీదు లేదంటే ఎంత మంచి గొట్టమైనా వదిలేయాలి. తర్వాత ఎవరో వచ్చి అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. వీలైతే గొట్టం ఒక్కటే కాకుండా స్టాండు కూడా కొనుక్కోవాలి. చాలా మైక్రోస్కోపుల్లో సన్న తిప్పుడు మర ఒక గీత తిప్పితే వస్తువు 2 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో 500వ వంతే కదులుతుంది. ఫోటోలకు అదే ప్రాణం.

ఎందుకంటే 4 అంకె గొట్టంతో తీసిన ఫోటోలో స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరులో 20వ వంతు మందం మాత్రమే. 10 అంకె గొట్టానికైతే 100వ వంతు కూడా ఉండదు. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే మీసం మసక. అందుకని కొద్దికొద్దిగా కదుపుతూ 4తో పాతిక ముప్పయి, 10తో వందకు పైగా ఫోటోలు తీసి కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. రీలు కెమెరాల కాలంలో ఈ సదుపాయం లేదు.

సిరిసిల్లలో ఉంటున్న బంధువుల ఇంట్లో కూర్చుని తీయబోయి కోరుట్ల ఆయన ఒక రాత్రంతా పోగొట్టుకున్నారు. పక్కింట్లో సాంచాలు నడుస్తున్నాయి. చెవికి చప్పుడే, కానీ గచ్చు అదురుతుంది, బల్ల అదురుతుంది, బల్ల మీది పురుగు అదురుతుంది. తీసిన ప్రతి ఫోటో రెండుగా వచ్చింది. తెల్లవారుజామున కరెంటు పోయి సాంచాలు ఆగాక బ్యాటరీ దీపంతో తీసినవే దక్కాయి.

ఆయన తీసినది ఉల్లికోడు పురుగు. ఈ ప్రాంత వరి రైతులకు పాత శత్రువు. పిల్ల పురుగు మొవ్వులోకి చేరితే ఆకు ఉల్లికాడలా గొట్టమైపోతుంది, ఆ పిలకకు కంకి రాదు. గొట్టం కనబడే నాటికి ఆ పిలక విషయంలో చేయగలిగింది లేదు. తల్లి పురుగు మాత్రం రాత్రిళ్ళు దీపం దగ్గరికి వస్తుంది. 3 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, అచ్చం దోమే. దులిపేసుకుని పడుకుంటారు. ఫోటోలో ఆడ పురుగు పొట్ట ఎర్రగా, మీసాలు పూసలు గుచ్చినట్టుగా కనిపిస్తాయి. ఒకసారి చూసినవారు మళ్ళీ దోమ అనుకోరు.

ఫోటోకూ హద్దు ఉంది. ఉల్లికోడులో ప్రాంతాన్ని బట్టి తెగలున్నాయి. ఒక చోట తట్టుకున్న వంగడం మరో చోట లొంగిపోతుంది. ఏ తెగ అన్నది మీసాలు చూసి చెప్పలేరు. రకరకాల వంగడాలు నాటి ఏది తట్టుకుందో చూసే తేలుస్తారు. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పరిశోధన స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు, అంటే జేజీఎల్ 1798, ఉల్లికోడును తట్టుకునే రకంగానే పేరు తెచ్చుకుంది. అయితే 2021లో మిరప తోటల మీద పడిన కొత్త తామర పురుగు లాంటి వాటి దగ్గర ఫోటో అక్కరకు వస్తుంది. అది మిల్లీమీటరు పొడవుంటుంది. ఆకుల్లో ఉండే పాత తామర పురుగు పసుపు పచ్చన, పూలలో గుంపుగా చేరే ఈ కొత్తది నల్లన. ఉత్త కంటికి రెండూ నలుసులే. వ్యవసాయ అధికారికి చూపడానికి మంచి ఫోటో ఉంటే పని ముందుకు సాగుతుంది.

మిల్లీమీటరు పురుగుకు 4 చాలదు. అందుకే కోరుట్ల ఆయన ఇప్పుడు పసుపు గీత ఉన్న గొట్టం కోసం జగిత్యాల కొట్లు తిరుగుతున్నారు. డ్రాయరులోని 40, 100 గొట్టాలను ఒక ల్యాబు వారు చూస్తామన్నారు. మొదట కొన్న కొట్టుకు కూడా మళ్ళీ వెళ్ళి వచ్చారు. అక్కడ కొత్తగా మరో మైక్రోస్కోపు వచ్చింది. యజమాని ఈసారి గొట్టాలను కాటాలో వేయలేదు. గాజు సీసాలో వేరుగా పెట్టారు. 4 అంకె గొట్టాన్ని కొసరుగా ఇవ్వడం మానేశారు.